రిజర్వు ఆటగాడి ధర: అమెరికన్ ఫుట్‌బాల్ శ్రామిక మార్కెట్ నుంచి ఒక ఉదాహరణ

వేతన నిర్ణయంలో ఉపాంత ఉత్పాదకత సిద్ధాంతాన్ని మీరు ఇంతకుముందే చదివారు. ఒక శ్రామికుడు అదనంగా చేర్చే ఉత్పత్తి విలువ ఎంతో, పోటీ మార్కెట్లో అతని వేతనం అంత ఉంటుందని ఆ సిద్ధాంతం చెబుతుంది. చెప్పడం తేలిక, సరిచూడటం కష్టం. కర్మాగారంలో పది మంది కలిసి చేసిన పనిలో ఎవరి వాటా ఎంతో విడదీయలేం. అందుకే అర్థశాస్త్రవేత్తల్లో కొందరు క్రీడల వైపు చూశారు. అక్కడ జీతం అందరికీ తెలుసు, చేసిన పని అందరి కళ్ళ ముందే జరుగుతుంది. ఈ భాగంలో అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ను తీసుకొని ఒకే ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. ఒప్పందం ముగిసి మార్కెట్లోకి వచ్చిన రిజర్వు డిఫెన్స్ ఆటగాళ్ళకు జట్లు వారి విలువకు మించి చెల్లిస్తున్నాయా?

ఈ ఆటతో పరిచయం లేనివారికి రెండు మాటలు. ఇది మనకు తెలిసిన, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతపట్టి ముందుకు తీసుకుపోయే జట్టు 11 మందిని దింపుతుంది. వారిని ఆపడానికి ఎదుటి జట్టు తన డిఫెన్స్ విభాగం నుంచి 11 మందిని దింపుతుంది. బంతిని వెనక్కి అందించడంతో మొదలయ్యే ఒక్కో ప్రయత్నాన్ని స్నాప్ అంటారు. ఒక మ్యాచ్‌లో డిఫెన్స్ సుమారు 60 స్నాప్‌లు ఆడుతుంది. లీగ్‌లో 32 జట్లు, ఒక్కో జట్టులో 53 మంది, సీజన్‌కు 17 మ్యాచ్‌లు. 53 మందిలో మొదటి వరుస డిఫెన్స్ ఆటగాళ్ళను పక్కన పెడితే, ప్రతి జట్టులో డజనుకు పైగా రిజర్వు డిఫెన్స్ ఆటగాళ్ళు మిగులుతారు. మన ప్రశ్న వీరి గురించి.

1993 వరకు ఈ లీగ్ ఆటగాళ్ళకు పూర్తి స్థాయి మార్కెట్ లేదు. ఒప్పందం ముగిసినా చాలామంది మీద పాత జట్టు పట్టు వదిలేది కాదు. కోర్టు వివాదాల తరువాత ఆ ఏడాది కుదిరిన ఒప్పందంతో, కొన్నేళ్ళ అనుభవం ఉన్న ఆటగాడు గడువు తీరాక నచ్చిన జట్టుకు వెళ్ళే హక్కు వచ్చింది. దానినే ఫ్రీ ఏజెన్సీ అంటారు. బదులుగా యజమానులు జీతాల మొత్తం మీద పరిమితి తెచ్చుకున్నారు. 1994లో ఒక్కో జట్టుకు 3.46 కోట్ల డాలర్లుగా మొదలైన ఈ పరిమితి 2024 నాటికి 25.54 కోట్ల డాలర్లకు చేరింది.

ఈ పరిమితిని కాస్త జాగ్రత్తగా అర్థం చేసుకోండి, ఎందుకంటే మన ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది. 2020 ఒప్పందం ప్రకారం లీగ్ ఆదాయంలో ఆటగాళ్ళ వాటా కనీసం 48 శాతం. జట్లు తమ పరిమితిలో 90 శాతాన్ని, కొన్నేళ్ళ సగటు మీద, ఖర్చు చేసి తీరాలి. అంటే పంచవలసిన మొత్తం ముందే దాదాపు ఖాయమైపోయింది. అటువంటప్పుడు ‘ఆటగాళ్ళందరికీ ఎక్కువ ఇస్తున్నారు’ అనే మాటకు అర్థం లేదు. ఒకరికి ఎక్కువ వెళ్ళిందంటే మరొకరికి తక్కువ వెళ్ళిందనే. ఆ తక్కువ ఎవరికో కూడా తెలుసు. డ్రాఫ్ట్ ద్వారా వచ్చిన కుర్రవాళ్ళ మొదటి నాలుగేళ్ళ జీతాలను 2011 ఒప్పందం ఒక పట్టికకు కట్టేసింది. వాళ్ళ దగ్గర మిగిలిన డబ్బు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి కదా! అది ఫ్రీ ఏజెన్సీలోకి ప్రవహిస్తుంది. అందువల్ల రెండో ఏడాది కుర్రవాడితో పోల్చి ఫ్రీ ఏజెంటు ఖరీదైనవాడని తేల్చేసే పత్రికా వ్యాసాలను నేను పెద్దగా పట్టించుకోను. ఆ తేడాను పుట్టించింది నిబంధన, జట్ల తెలివితక్కువతనం కాదు.

మరి దేనితో పోల్చాలి? కనీస వేతనానికి ఎప్పుడడిగినా దొరికే ఆటగాడితో పోల్చాలి. రిజర్వు ఆటగాడికి ఇచ్చే జీతంలో ఆ కనీసాన్ని తీసివేయగా మిగిలినదే అసలు ధర. ఒక ఊహాజనిత ఉదాహరణతో లెక్క కడదాం. మొదటి వరుస లైన్‌బ్యాకర్ జీతం 1.2 కోట్ల డాలర్లు, అతని రిజర్వు జీతం 40 లక్షలు, కనీస వేతన ఆటగాడి జీతం 10 లక్షలు అనుకోండి. మొదటివాడు గాయాలతో 4 మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అతను ఆడిన 13 మ్యాచ్‌లకు 780 స్నాప్‌లు, రిజర్వు ఆడిన 4 మ్యాచ్‌లకు 240 స్నాప్‌లు. మొదటివాడికి కనీసం మీద అదనంగా ఇచ్చింది 1.1 కోట్లు. స్నాప్‌కు సుమారు 14,100 డాలర్లు. రిజర్వుకు అదనంగా ఇచ్చింది 30 లక్షలు. స్నాప్‌కు 12,500 డాలర్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. జీతంలో మూడో వంతు మాత్రమే తీసుకునే రిజర్వు ఆటగాడు చౌక అనిపిస్తాడు. కాని ఈ ధర గిట్టుబాటు కావాలంటే, కనీస వేతన ఆటగాడి కంటే మొదటివాడు ఎంత మెరుగో, రిజర్వు అందులో దాదాపు 89 శాతం మెరుగై ఉండాలి. అంత మెరుగైనవాడైతే అతను బెంచీ మీద ఎందుకు కూర్చుంటాడు? వేరే జట్టులో మొదటి వరుసలోనే ఉంటాడు. మొదటివాడు ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా ఆడితే, ఆ 30 లక్షలు క్లెయిము లేని బీమా ప్రీమియంలా పోతాయి.

ఈ లెక్క అన్ని స్థానాలకూ ఒకేలా వర్తించదు. డిఫెన్స్ లైన్‌లో ఆడేవారు భారీకాయులు, త్వరగా అలసిపోతారు కాబట్టి వారిని మార్చి మార్చి దింపుతారు. అక్కడ రెండో వరుసవాడికి కూడా ప్రతి మ్యాచ్‌లో చేతినిండా పని ఉంటుంది. పాస్‌లు పెరిగిన నేటి ఆటలో మూడో కార్నర్‌బ్యాక్ సగానికి పైగా స్నాప్‌లు ఆడతాడు. పేరుకు మొదటి పదకొండు మందిలో లేకపోయినా అతన్ని రిజర్వు అనడం తప్పు. లైన్‌బ్యాకర్లు, సేఫ్టీల విషయంలోనే ఆ మాట నిజంగా సరిపోతుంది. వారు కూడా కిక్‌లు తన్నే సమయంలో ఆడే ప్రత్యేక దళంలో పరుగులు తీసి జీతంలో కొంత సంపాదించుకుంటారు.

ఇక జట్లు పొరపడటానికి గల కారణం చూద్దాం. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు కేపెన్, క్లాప్, క్యాంబెల్ ఒక విచిత్రాన్ని గుర్తించారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బ్లాకులకు పాట పాడి గెలిచిన కంపెనీలకు ఆశించిన లాభం రావడం లేదు. కారణం సులభం. బ్లాకులో ఎంత చమురు ఉందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, అందరివీ అంచనాలే. ఎవరి అంచనా అందరికంటే ఎక్కువగా తప్పిందో పాట వారి పేరనే ఖాయమవుతుంది. దీనినే ‘విజేత శాపం’ అంటారు. 1980లో కాసింగ్, డగ్లస్ అనే అర్థశాస్త్రవేత్తలు బేస్‌బాల్ ఫ్రీ ఏజెంట్లకు ఇదే తర్కాన్ని అన్వయించారు. ఐపీఎల్ వేలంలో ఎదుటివారు ఎక్కడ ఆగారో కనిపిస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. ఆటగాడి ఏజెంటుతో ఎవరికి వారు విడిగా బేరమాడతారు. అది సీల్డ్ టెండరుకు దగ్గర.

అంచనా ఎంత అస్థిరమైతే శాపం అంత బలమైనది. వెయ్యి స్నాప్‌లు ఆడినవాడి గురించి తెలిసినంతగా రెండు వందలు ఆడినవాడి గురించి తెలియదు. ఆ రెండు వందల్లో నాలుగు మెరుపులుంటే ధర ఎగిరిపోతుంది. ల్యారీ బ్రౌన్ ఉదంతం చూడండి. 1996 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో డల్లాస్ కౌబాయ్స్ కార్నర్‌బ్యాక్‌గా అతను రెండు పాస్‌లను అడ్డుకొని పట్టి, అత్యుత్తమ ఆటగాడి బహుమతి పొందాడు. రెండో వైపు డియాన్ సాండర్స్ వంటి దిగ్గజం ఉండటంతో ప్రత్యర్థులు బంతిని బ్రౌన్ వైపే ఎక్కువగా విసిరేవారు. కొద్ది వారాల్లోనే ఓక్లాండ్ రైడర్స్ అతనికి అయిదేళ్ళకు 1.2 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం ఇచ్చింది. రెండు సీజన్లలో అతను ఆడింది 12 మ్యాచ్‌లు, అదీ ఎక్కువగా రిజర్వుగానే. మొదటి వరుస ధరకు రైడర్స్‌కు దక్కింది బెంచీ ఆటగాడు.

పాత యజమాని ఎందుకు వదులుకున్నాడన్న అనుమానం కూడా ఉండాలి. పాత కార్ల మార్కెట్ మీద 1970లో జార్జ్ అకర్లాఫ్ రాసిన వ్యాసం మీకు గుర్తుండే ఉంటుంది. అమ్మేవాడికి తెలిసిన లోపం కొనేవాడికి తెలియదు. ఆటగాడి మోకాలి సంగతి పాత జట్టు వైద్యుడికి తెలిసినంతగా కొత్త జట్టుకు తెలియదు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. జీతాల పరిమితి వల్ల మంచి ఆటగాడిని కూడా చోటు చాలక వదులుకోవలసి వస్తుంది. కాబట్టి మార్కెట్లో ఉన్నవన్నీ పాడైన కార్లు కావు.

దీనికి ఎదురు ఉదాహరణ మాల్కమ్ బట్లర్. అతన్ని డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. 2014లో కొత్త ఆటగాడి కనీస వేతనమైన 4.2 లక్షల డాలర్ల స్థాయిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో చేరాడు. 2015 ఫిబ్రవరి సూపర్ బౌల్ చివరి క్షణాల్లో, గోల్ గీతకు గజం దూరంలో నుంచి సియాటిల్ విసిరిన బంతిని పట్టి ట్రోఫీ తెచ్చాడు. రిజర్వు ఆటగాడి విలువ అపారమని దీనితో వాదించవచ్చు. కాని ఆ రిజర్వును పేట్రియట్స్ ఫ్రీ ఏజెన్సీలో కొనలేదని గమనించండి.

నా అభిప్రాయం ఇది. కనీస వేతనానికి ఏడాది ఒప్పందం మీద తెచ్చుకునే రిజర్వు ఆటగాళ్ళతో జట్లు నష్టపోవు. పొరపాటు జరిగినా దాని ఖరీదు తక్కువ. నష్టం మధ్య తరగతిలో ఉంది. మొదటి వరుసకు చాలక, కనీసానికి ఒప్పుకోక, రెండు మూడేళ్ళ హామీతో 30, 40, 50 లక్షలు పొందేవారి దగ్గర. పైగా పరిహారపు ఎంపికల నిబంధన ఉంది. ఫ్రీ ఏజెన్సీలో సంపాదించినదానికంటే ఎక్కువ పోగొట్టుకున్న జట్టుకు లీగ్ తరువాతి డ్రాఫ్ట్‌లో మూడు నుంచి ఏడో రౌండ్ల మధ్య అదనపు ఎంపికలు ఇస్తుంది. మధ్యస్థ ధరకు ఒక రిజర్వును కొంటే ఆ ఎంపిక ఒకటి రద్దు కావచ్చు. అది ఆ ఆటగాడి అవకాశ వ్యయం. జీతం పట్టికలో మాత్రం కనపడదు. ఈ ఎంపికలను అందరికంటే ఎక్కువగా కూడబెట్టిన జట్టు బాల్టిమోర్ రేవెన్స్.

మధ్యలో ఈ ఖాళీ ఏర్పడటానికి మరో నిబంధన తోడ్పడుతుంది. 2024లో ఏడేళ్ళు, ఆపైన అనుభవం ఉన్న ఆటగాడి కనీస వేతనం 12.1 లక్షల డాలర్లు. అనుభవజ్ఞులను వదిలి జట్లు చౌకైన కుర్రవాళ్ళ వైపు పోకుండా, కనీస వేతనానికి ఏడాది ఒప్పందం చేసుకుంటే పరిమితి లెక్కలో 9.85 లక్షలే పడేలా ఏర్పాటు చేశారు. స్వల్ప బోనసును దాటి అతనికి 14 లక్షలు ఇస్తే ఈ వెసులుబాటు పోయి మొత్తం 14 లక్షలూ లెక్కలోకి వస్తాయి. ఆటగాడి చేతికి అదనంగా వచ్చేది 1.9 లక్షలు, జట్టు పరిమితిలో అదనంగా ఖర్చయ్యేది 4.15 లక్షలు. జీతం 15 లక్షలైతే ఈ రెండు అంకెలు ఎంతెంత అవుతాయో లెక్కకట్టి, ఆ ఆటగాడు బేరంలో ఎందుకు కనీసం దగ్గరే ఆగిపోతాడో మీ మాటల్లో రాయండి.