నొప్పి లేని మంట: షుగర్ ఉన్నవారి కిడ్నీలో ఏం జరుగుతుంది?

“సిస్టర్, నాకు నొప్పి ఏమీ లేదు, మూత్రం బాగానే వస్తుంది. ఇంక కిడ్నీ పరీక్ష ఎందుకు?” షుగర్ వ్యాధి ఉన్నవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. వీరిలో కొందరు పాదాల వాపు, ఆయాసంతో మళ్ళీ వస్తారు. అప్పటికి చాలా ఆలస్యమై ఉంటుంది.

మన ఒక్కొక్క కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అక్కడి కణాలు దాన్ని సరిగా వాడుకోలేవు. పచ్చికట్టెలు పెట్టిన పొయ్యి పొగ చిమ్మినట్లు, ఆ కణాల నుండి హాని చేసే ఆక్సిజన్ పదార్థాలు వెలువడతాయి. దీనినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఆ దెబ్బకు శరీరం తన రక్షక కణాలను అక్కడికి పంపుతుంది. పుండు చుట్టూ ఎర్రబడి వాచినట్లే లోపల కూడా జరుగుతుంది. ఇది ఇన్‌ఫ్లమేషన్. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే జల్లెడలు మచ్చకట్టి గట్టిపడతాయి. కానీ ఈ మంట నొప్పి పుట్టించదు. అందుకే మనకు తెలియదు.

మరి యాంటీఆక్సిడెంట్ మాత్రలు, పొడులు వాడితే సరిపోతుందా? 2002లో వెలువడిన మైక్రో-హోప్ పరిశోధనలో షుగర్ ఉన్న 3,654 మందిలో కొందరికి సుమారు నాలుగున్నర సంవత్సరాలు రోజూ విటమిన్ ఇ ఇచ్చారు. కిడ్నీలకు మేలు కనిపించలేదు. పొగను విసిరితే ప్రయోజనం లేదు, పొయ్యిలో కట్టె తీయాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో బాధిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. షుగర్ వల్ల వచ్చే జబ్బుకు కారణం తెలుసు. తెలిసి కూడా అశ్రద్ధ చేయవద్దు.

మీరు చేయవలసినవి:

1. సంవత్సరానికి ఒకసారి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. మూత్రం ఫలితం 30 దాటితే హెచ్చరిక. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి మళ్ళీ పరీక్షించి నిర్ధారిస్తారు.

2. షుగర్‌తో పాటు బీ.పీ.ని కూడా అదుపులో ఉంచండి. చాలామందికి 130/80 లోపు ఉండాలి.

3. లోసార్టాన్ వంటి మాత్రలు బీ.పీ. తగ్గించడమే కాక కిడ్నీని కూడా కాపాడతాయి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మందులు కూడా మేలు చేస్తున్నాయి. ఏది సరిపడుతుందో డాక్టరుగారే చెప్పాలి. బీ.పీ. తగ్గిందని మీ అంతట మీరు మానవద్దు.

4. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు దుకాణంలో కొని మింగవద్దు. బీడీ, చుట్ట మానండి.

ప్రభుత్వ ఆరోగ్య పథకం క్రింద డయాలసిస్ ఉచితమే. కానీ వారానికి రెండు మూడు రోజులు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మంచానికే అంకితం కావాలి. రోగి కూలీ పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. దానికంటే ఏడాదికొకసారి చిన్న సీసాలో మూత్రం ఇవ్వడం ఎంతో తేలిక.

ఈసారి షుగర్ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, “నా మూత్రంలో అల్బుమిన్ ఎంత ఉంది?” అని మీరే అడగండి.