అతిపీడన ప్రాణవాయు చికిత్స – మస్తిష్క పక్షవాత బాలలు: రెండు నియంత్రిత ప్రయోగాల పరిశీలన

తెలుగులో ఆక్సిజన్‌కు ‘ప్రాణవాయువు’ అన్న పేరు స్థిరపడింది. ఒకప్పటి పాఠ్యపుస్తకాలలోని ‘ఆమ్లజని’ మూలార్థానికి దగ్గరగా ఉన్నా వాడుకలో నిలువలేదు. నిలిచిన పేరులో ఒక వాగ్దానం ఉంది. ప్రాణమిచ్చే వాయువును ఎంత ఎక్కువగా అందిస్తే అంత మేలన్న భావం ఆ మాటలోనే ఇమిడి ఉంది. పుట్టినప్పుడు ఊపిరి అందక బిడ్డ మెదడు దెబ్బతిన్నదని విన్న తల్లిదండ్రులకు, అదే వాయువును ఒత్తిడితో శరీరంలోకి పంపే చికిత్స ఒకటున్నదని తెలిస్తే అది సహజమైన పరిష్కారంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఈ ఊహను ప్రయోగాలు ఎలా పరీక్షించాయో, వచ్చిన ఫలితాలను అర్థం చేసుకోవడంలో ఎందుకు వివాదం చెలరేగిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘మస్తిష్క పక్షవాతం’ అన్న పారిభాషిక పదం కూడా కొంత తప్పుదోవ పట్టించేదే. పక్షవాతం అనగానే పెద్దవయసులో హఠాత్తుగా వచ్చి ఒక పక్కను పడగొట్టే జబ్బు మనసులో మెదులుతుంది. సెరిబ్రల్ పాల్సీ అది కాదు. ఎదుగుతున్న మెదడుకు గర్భంలోనో, ప్రసవ సమయంలోనో, శైశవంలోనో కలిగిన హాని వల్ల కదలికలోను శరీరభంగిమలోను శాశ్వతంగా మిగిలే లోపాల సముదాయమది. మెదడులోని దెబ్బ పెరగదు. పిల్లవాడు పెరుగుతుంటే కండరాల మీద, ఎముకల మీద దాని ప్రభావం మాత్రం మారుతూ ఉంటుంది. 1861లో లండన్ వైద్యుడు విలియం లిటిల్ ఈ స్థితిని కష్టప్రసవంతో ముడిపెట్టాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆ కారణసంబంధాన్ని ప్రశ్నించి, లోపం చాలామందిలో గర్భంలోనే మొదలై ఉండవచ్చని సూచించాడు. మనోవిశ్లేషణకు ముందు ఫ్రాయిడ్ నాడీవైద్యుడన్న సంగతిని మన సాహిత్య విమర్శకులు తరచు మరచిపోతారు. తరువాతి పరిశోధనలు ఈ విషయంలో అతని వైపే మొగ్గాయి. సంపన్న దేశాలలో ప్రసవకాలపు ఊపిరాటంకం కారణమైన కేసులు సుమారు పదో వంతు మాత్రమే. నెలలు నిండని జననం, గర్భస్థ అంటువ్యాధులు, తీవ్రమైన కామెర్లు, జన్యుకారణాలు మిగిలిన వాటిలో ఉన్నాయి. సురక్షిత ప్రసవం అందరికీ అందని చోట ఊపిరాటంకం వాటా ఇంతకంటె ఎక్కువ. ఏమైనా, ‘ప్రాణవాయువు లోపించింది కనుక ప్రాణవాయువే మందు’ అన్న వాదానికి తొలి అడుగే బలహీనం.

పీడనం చేసే పని

రక్తంలో ఆక్సిజన్ రెండు విధాలుగా ప్రయాణిస్తుంది. అధికభాగం హిమోగ్లోబిన్‌కు అంటుకొని వెళుతుంది. అత్యల్పభాగం ప్లాస్మాలో నేరుగా కరిగి ఉంటుంది. సాధారణ గాలి పీల్చే ఆరోగ్యవంతునిలో హిమోగ్లోబిన్ అప్పటికే దాదాపు పూర్తిగా నిండి ఉంటుంది గనుక అక్కడ చేర్చడానికి పెద్దగా చోటు లేదు. కరిగే భాగాన్ని మాత్రం హెన్రీ నియమం ప్రకారం పీడనంతో పెంచవచ్చు. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో 0.3 మిల్లీలీటర్లుగా ఉండే ఈ భాగం, 3 వాతావరణాల పీడనంలో శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే సుమారు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది. విశ్రాంతిలో ఉన్న శరీరం అవసరానికి అది ఇంచుమించు సరిపోతుంది. 1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బూరెమా బృందం ఎర్రకణాలు దాదాపుగా తొలగించిన పందులను ఇటువంటి గదిలో సజీవంగా నిలిపి దీనిని నిరూపించింది. లోతునుంచి వేగంగా పైకి వచ్చిన గజ ఈతగాళ్ల రుగ్మతకు, బొగ్గుపులుసు కాని కార్బన్ మోనాక్సైడ్ విషానికి, వాయుకోథానికి, మానని కొన్ని మధుమేహ వ్రణాలకు ఈ చికిత్స వాడుకలో ఉన్నది ఈ భౌతికశాస్త్ర బలంతోనే.

ఏళ్ల క్రితం మానిపోయిన మెదడు గాయానికి దీనిని వర్తింపజేయాలంటే మరో ప్రతిపాదన కావాలి. అమెరికా వైద్యుడు రిచర్డ్ న్యూబావర్ 1990లో ‘లాన్సెట్’ పత్రికలో దానిని ముందుకు తెచ్చాడు. చనిపోయిన నాడీకణాల చుట్టూ, చావక, పనిచేయక నిద్రాణంగా ఉండిపోయిన కణాలు ఉంటాయని, అదనపు ఆక్సిజన్ వాటిని మేల్కొల్పగలదని ఆ ప్రతిపాదన సారం. ఆకర్షణీయమైన ఊహే. అయితే పెద్దలలో తాజా స్ట్రోక్ అంచున కనబడే స్థితిని, పుట్టినప్పుడు ఏర్పడి ఏళ్లు గడిచిన మచ్చకు అన్వయించడం ఊహ మాత్రమే; పరీక్షకు నిలవవలసినది.

క్యుబెక్ ప్రయోగం

కెనడాలో తొలి పరీక్ష 1999లో వెలువడింది. 25 మంది పిల్లలకు 20 పర్యాయాలు చికిత్స చేసి, కదలిక మెరుగైందని, కండరాల బిగువు తగ్గిందని పరిశోధకులు చెప్పారు. పోల్చడానికి మరో బృందం లేదు. తల్లిదండ్రుల ఒత్తిడీ తోడై, క్యుబెక్ రాష్ట్రంలో పెద్ద ప్రయోగం జరిగి 2001 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’లో ప్రచురితమైంది. 3 నుంచి 12 ఏళ్ల పిల్లలు 111 మందిని యాదృచ్ఛికంగా విభజించారు. 57 మందికి 1.75 వాతావరణాల పీడనంలో శుద్ధ ఆక్సిజన్. 54 మందికి 1.3 వాతావరణాల పీడనంలో మామూలు గాలి. గంటసేపు చొప్పున, వారానికి 5 రోజులు, మొత్తం 40 పర్యాయాలు. చెవుల్లో పీడనం తెలియకపోతే అది నటన అని పిల్లలకూ తల్లిదండ్రులకూ అర్థమైపోతుంది. అందుకే పోలిక బృందంలోనూ కొద్దిపాటి పీడనం ఉంచవలసి వచ్చింది. వివాదమంతా ఈ చిన్న ఏర్పాటు నుంచే పుట్టింది.

కొలమానం స్థూల చలన సామర్థ్య మాపకం. పొర్లడం, కూర్చోవడం, పాకడం, నిలబడడం, నడవడం అనే 5 విభాగాలలో 88 అంశాలను పరీక్షించి శాతంగా చెబుతుంది. ఫలితం: రెండు బృందాలూ సుమారు 3 శాతం చొప్పున మెరుగయ్యాయి. వాటి మధ్య తేడా లేదు. చెవి ఇబ్బందులు మాత్రం ఆక్సిజన్ బృందంలో ఎక్కువ.

ఒకే అంకెను ఇద్దరు రెండు విధాలుగా చదివారు. పరిశోధకుల దృష్టిలో మెరుగుదల చికిత్సది కాదు; రెండు నెలలపాటు పిల్లలు ప్రోత్సాహకరమైన వాతావరణంలో, తల్లిదండ్రుల సంపూర్ణ శ్రద్ధ నడుమ గడపడం వల్ల వచ్చింది. చికిత్సను సమర్థించేవారు దీనికి ఒప్పుకోలేదు. 1.3 వాతావరణాల గాలి ఉత్తుత్తి మందు కాదని, అది కూడా తక్కువ మోతాదు చికిత్సేనని, రెండు మోతాదులూ పనిచేశాయని వాదించారు. లెక్క చూస్తే వారి మాటలో కొంత నిజముంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, దానిని 1.3తో హెచ్చిస్తే సుమారు 27 శాతం. అంటే ఆ పిల్లలు నేలమీద 27 శాతం ఆక్సిజన్ పీల్చినట్లే. కాని ఈ వాదం తనకే ఎదురు తిరుగుతుంది. అంత స్వల్పమైన పెంపే చాలునంటే, ముక్కు గొట్టంతో, చిన్న సిలిండరుతో అదే ఇవ్వవచ్చు. లక్షల రూపాయల గది దేనికి? పైగా 0.27 నుంచి 1.75 వాతావరణాలకు ఆక్సిజన్ పాక్షిక పీడనం ఆరు రెట్లకు మించి పెరిగినా ఫలితం పిసరంత కూడా మారకపోవడం, మోతాదుకు తగ్గట్టు పనిచేసే మందు లక్షణం కాదు.

అయినా న్యాయంగా చెప్పాలంటే, ఏ చికిత్సా పొందని మూడో బృందం లేనందువల్ల ఈ ప్రయోగమొక్కటే ఆ వివాదాన్ని తీర్చలేదు. పిల్లలు ఊరికే ఎదుగుతారన్నది మరచిపోకూడదు. 2002లో ఒంటారియోలోని 657 మంది పిల్లలను అనుసరించి ప్రచురించిన ఎదుగుదల రేఖల ప్రకారం, తీవ్రత అత్యధికమైనవారు 2.7 ఏళ్లకూ, అతి స్వల్పమైనవారు 4.8 ఏళ్లకూ తమ చలన సామర్థ్యంలో 90 శాతానికి చేరుకుంటారు. మూడేళ్ల బిడ్డలో రెండు నెలల మార్పును చూసి మందుకు కీర్తి కట్టబెట్టే ముందు ఈ రేఖలను చూడడం అవసరం.

14 శాతం అనే యుక్తి

2012లో ‘యానల్స్ ఆఫ్ న్యూరాలజీ’లో వచ్చిన అమెరికా ప్రయోగం ఈ చిక్కుముడినే విప్పడానికి రూపొందింది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలు 49 మందిలో 25 మందికి 1.5 వాతావరణాల పీడనంలో శుద్ధ ఆక్సిజన్ ఇచ్చారు. మిగిలిన 24 మందికి అదే పీడనంలో 14 శాతం ఆక్సిజన్ గల గాలి ఇచ్చారు. 14 శాతాన్ని 1.5తో హెచ్చిస్తే వచ్చేది 21 శాతమే. చెవులకు తెలిసే పీడనం ఇద్దరికీ ఒకటే; ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ మాత్రం రెండో బృందానికి నేలమీద ఉన్నంతే. ఇంత సరళమైన, ఇంత నిక్కచ్చి ఏర్పాటు వైద్య పరిశోధనలో అరుదుగా కనిపిస్తుంది. 40 పర్యాయాల తరువాత కదలికలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యంతర పరిశీలనలోనే కొనసాగించినా ప్రయోజనం కనబడే అవకాశం లేదని తేలడంతో ప్రయోగాన్ని ముందుగా ఆపేశారు. ఆ తరువాత కొందరు పీడనమే మందు అనసాగారు. అది మరో ప్రతిపాదన. ఆక్సిజన్ పేరుతో అమ్ముడవుతున్న చికిత్సకు అది ఆధారం కాజాలదు.

మన దేశం నుంచి 2014లో ఢిల్లీ కేంద్రంగా వచ్చిన ఒక అధ్యయనం, పునరావాస శిక్షణతో పాటు పీడన చికిత్స పొందిన పిల్లలు ఎక్కువగా మెరుగయ్యారని చెప్పింది. అక్కడి విభజన యాదృచ్ఛికం కాదు. ఏ కుటుంబం ఖరీదైన చికిత్సకు ముందుకు వచ్చిందన్నదే ఫలితాన్ని మార్చగలిగినప్పుడు, బృందాల మధ్య తేడాను గదికి ఆపాదించలేము.

మూల్యం

‘మేలు లేకపోయినా కీడు లేదు కదా’ అన్న మాట తరచు వినబడుతుంది. చెవిపొర గాయాలు, ఆక్సిజన్ విషప్రభావంతో మూర్ఛలు ఈ చికిత్సలో తెలిసిన ప్రమాదాలు. మస్తిష్క పక్షవాత బాలలలో సుమారు మూడో వంతు మందికి మూర్ఛవ్యాధి ముందే ఉంటుంది. శుద్ధ ఆక్సిజన్ నిండిన గదిలో నిప్పురవ్వ చాలు. 2009లో ఫ్లోరిడాలో ఇటువంటి గదిలో మంటలు లేచి, చికిత్సకోసం ఇటలీ నుంచి వచ్చిన నాలుగేళ్ల బాలుడు, అతనితో లోపల ఉన్న కుటుంబ పెద్ద మరణించారు. 2013లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఈ చికిత్స సురక్షితమూ సఫలమూ అని నిర్ధారణ కాని రుగ్మతలలో మస్తిష్క పక్షవాతాన్ని పేర్కొని ప్రజలను హెచ్చరించింది.

కనబడని మూల్యం కాలం. 40 పర్యాయాలంటే 40 గంటలు మాత్రమే కాదు. నల్లగొండ నుంచో అనంతపురం నుంచో హైదరాబాదుకు వచ్చిన కుటుంబానికి అది ఎనిమిది వారాల అద్దె ఇల్లు, తండ్రి కూలి, ఇంటి దగ్గర వదిలిన మరో బిడ్డ. అదే సంవత్సరం, 2013లో, ఆస్ట్రేలియా పరిశోధకురాలు ఇయోనా నోవాక్ బృందం మస్తిష్క పక్షవాత చికిత్సలన్నిటినీ ట్రాఫిక్ దీపాల రంగులతో వర్గీకరించింది. అతిపీడన చికిత్స ఎరుపులో పడింది. ఆకుపచ్చలో ఉన్నవాటిలో రెండు చేతులకూ ఇచ్చే శిక్షణ, ఒక లక్ష్యం పెట్టుకొని చేసే అభ్యాసం, తల్లిదండ్రులే ఇంట్లో చేయించే కార్యక్రమం, తుంటికీళ్ల క్రమపరిశీలన ఉన్నాయి. చివరిది 1994లో దక్షిణ స్వీడన్‌లో మొదలైంది. ఆ తరువాత అక్కడి పిల్లలలో తుంటి కీలు తొలగిపోవడం దాదాపుగా కనబడకుండా పోయింది. దానికి కావలసింది నిర్ణీత వ్యవధులలో తీసే తుంటి ఎక్స్‌రే, ఆ తేదీలను తప్పక గుర్తుపెట్టే ఒక రిజిస్టరు.