గురువుది 43.50, శిష్యుడిది 43.45

యూఎస్‌సీ అనే పేరు వినని వాళ్ళు మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఉండరు. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా, లాస్ ఏంజెలెస్. మనకి అదంటే ఎంఎస్ ఇన్ కంప్యూటర్ సైన్స్, గుండె ఆగిపోయే ఫీజు, "అడ్మిట్ వచ్చిందిరా" అంటూ సీనియర్లు గ్రూప్‌లో పెట్టే స్క్రీన్‌షాట్లు. సెమిస్టర్ సెలవుల్లో నేను కూడా ఆ ఫీజు సంగతి చూద్దామని కూర్చుని, ఎక్కడెక్కడికో వెళ్ళిపోయి, చివరికి వాళ్ళ అథ్లెటిక్స్ టీమ్ దగ్గర తేలాను. ఆ టీమ్ మొత్తానికి డైరెక్టర్‌గా ఉన్న క్విన్సీ వాట్స్ ఒకప్పుడు అదే యూనివర్సిటీ స్టూడెంట్. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 400 మీటర్ల గోల్డ్ మెడల్ ఆయనదే.

అప్పుడు ఆయన వయసు 22. అంటే మనం బీటెక్ సర్టిఫికెట్ పట్టుకుని బయటికి వచ్చే వయసు. ఆ వయసుకే ప్రపంచంలో అందరికన్నా పైన నిలబడినవాడు తరువాత ఏం చేస్తాడు? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు 400 మీటర్ల సంగతి

400 మీటర్లంటే ట్రాక్ చుట్టూ ఒక్క రౌండు. వినడానికి సింపులే. కానీ 100 మీటర్లలా మొదటి నుంచి చివరిదాకా పూర్తి స్పీడులో లాగేయడం మనిషి వల్ల కాదు. అలాగని 1500 మీటర్లలా ముందు నెమ్మదిగా వెళ్ళి తరువాత చూసుకుందాం అంటే కుదరదు.

కండరాల్లో రెడీగా ఉండే శక్తి మొదటి కొన్ని సెకన్లలోనే దాదాపు అయిపోతుంది. ఆ తరువాత ఎక్కువ భారం ఒంట్లో నిల్వ ఉన్న గ్లూకోజ్ మీద పడుతుంది. దాన్ని ఆక్సిజన్ సరిపడా అందకుండానే గబగబా విరగ్గొట్టి శక్తిగా మార్చుకోవాలి. పని వేగంగా జరుగుతుంది, కానీ కండరాల్లో ఆమ్లం పెరిగిపోతుంది. అందుకే చివరి 100 మీటర్లలో కాళ్ళకి బండరాళ్ళు కట్టినట్టు ఉంటుంది.

టీవీలో చూస్తే గెలిచినవాడు చివర్లో స్పీడ్ పెంచినట్టు కనిపిస్తుంది. అది మన కంటి పొరపాటు. చివర్లో అందరూ స్లో అవుతూనే ఉంటారు. తక్కువ స్లో అయినవాడు గెలుస్తాడు. హాస్టల్ వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నెల మొదటి వారంలో బిర్యానీలకి ఎంత పెట్టాం అన్నదాన్ని బట్టే కదా 25వ తేదీ తరువాత మన బతుకు.

కోచ్ మార్చిన దారి

వాట్స్ మొదట్లో 400 రన్నర్ కాదు. స్కూల్ రోజుల్లో 100, 200 మీటర్లలో స్టార్. యూఎస్‌సీకి వచ్చాక గాయాలు వెంటపడ్డాయి. అప్పటి కోచ్ జిమ్ బుష్, 400కి మారమని ఆయన్ని ఒప్పించాడు. బుష్‌కి ఈ రేసు కొత్త కాదు. అంతకుముందు చాలా ఏళ్ళు పక్కనే ఉన్న యూసీఎల్ఏలో కోచ్. 1972 మ్యూనిచ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల సిల్వర్ గెలిచిన వేన్ కాలెట్ ఆయన దగ్గర తయారైనవాడే.

ఆ మార్పు 1991లో జరిగింది. మరుసటి ఏడాదే బార్సిలోనా. సెమీఫైనల్లో వాట్స్ 43.71 సెకన్లలో పరిగెత్తి, 1968 నుంచి లీ ఎవాన్స్ పేరు మీద ఉన్న 43.86 ఒలింపిక్ రికార్డును బద్దలు కొట్టాడు. ఫైనల్లో 43.50తో తన రికార్డును తనే చెరిపేశాడు. రెండో స్థానంలో వచ్చిన స్టీవ్ లూయిస్ టైమ్ 44.21. ఆ తరువాత 4×400 రిలేలో వాట్స్ రెండో రన్నర్‌గా పరిగెత్తాడు. అమెరికా టీమ్ 2 నిమిషాల 55.74 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది.

ఏడాది తిరిగింది. 1993లో స్టుట్‌గార్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో, పరుగు మధ్యలో ఆయన షూ పాడైపోయింది. నాలుగో స్థానం. అక్కడే జరిగిన రిలేలో మాత్రం ఆయన ఉన్న టీమ్ 2:54.29లో ముగించింది. ఆ రికార్డుని ఈ రోజు వరకు ఎవరూ దాటలేదు. కానీ ఒంటరిగా పరిగెత్తే 400లో మళ్ళీ 43.50 ఆయనకి దక్కలేదు. మళ్ళీ ఒలింపిక్స్‌కి వెళ్ళలేదు కూడా.

అంటే ఒక మనిషి జీవితంలో బెస్ట్ నంబర్ 22 ఏళ్ళకే ఫిక్స్ అయిపోయింది. ఎంసెట్ ర్యాంకు దగ్గరే ఆగిపోయిన వాళ్ళు మనలో కూడా ఉన్నారు కదా. ఫైనలియర్‌లో ఉండి కూడా "నా ర్యాంకు ఇంత" అని చెప్పేవాళ్ళు. వాట్స్ చేతిలో అంతకన్నా చాలా పెద్ద ర్యాంకు ఉంది. అయినా అక్కడ ఆగలేదు.

కాలేజీ కోచ్ పని ఏంటి?

ఆయన హైస్కూల్ పిల్లలకి నేర్పించాడు. తరువాత లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్న కాల్ స్టేట్ నార్త్‌రిడ్జ్ యూనివర్సిటీలో కోచ్‌గా పని చేశాడు. ఆ తరువాత యూఎస్‌సీకి తిరిగి వచ్చాడు, అది కూడా హెడ్ కోచ్‌గా కాదు. కారిల్ స్మిత్ గిల్బర్ట్ అనే ఆవిడ హెడ్ కోచ్‌గా ఉంటే, ఆమె కింద అసిస్టెంట్‌గా. తను గోల్డ్ మెడలిస్ట్‌నన్న లెక్క చూసుకుని ఉంటే ఆ పోస్టు చిన్నగానే కనిపించేది.

అమెరికాలో కాలేజీ అథ్లెటిక్స్ మన స్పోర్ట్స్ డే లాంటిది కాదు. ఎన్‌సీఏఏ అనే సంస్థ దేశమంతటికీ రూల్స్ పెడుతుంది. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీస్ చేయించకూడదు. ఒక రోజు పూర్తిగా సెలవివ్వాలి. మార్కులు తగ్గితే రేసులో దిగే అర్హతే పోతుంది. మనకి అటెండెన్స్ తగ్గితే డిటెన్షన్, వాళ్ళకి గ్రేడ్లు తగ్గితే ట్రాక్ మూసినట్టే. ఇంకో చిక్కు ఏంటంటే, కష్టపడి తయారు చేసిన స్టూడెంట్ నాలుగేళ్ళకో అంతకు ముందో వెళ్ళిపోతాడు. కోచ్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పైగా అక్కడ లెక్క టీమ్‌ది. నేషనల్ మీట్‌లో ప్రతి ఈవెంట్‌కీ మొదటి ఎనిమిది స్థానాలకి 10, 8, 6, 5, 4, 3, 2, 1 చొప్పున పాయింట్లు. 100 మీటర్లు గెలిచినా 10, షాట్‌పుట్ గెలిచినా 10. ఒక్కడు హీరో అయితే టీమ్ గెలవదు.

2018 జూన్, ఒక్క పాయింట్

దీనికి మంచి ఉదాహరణ 2018 ఎన్‌సీఏఏ ఫైనల్స్. ఊరు ఒరెగాన్‌లోని యూజీన్. మహిళల విభాగంలో ఇక 4×400 రిలే ఒక్కటే మిగిలింది. జార్జియా యూనివర్సిటీకి 52 పాయింట్లు, యూఎస్‌సీకి 43. రిలే గెలిస్తే 10 కలిసి 53. రెండో స్థానం వస్తే 51, ట్రోఫీ పోయినట్టే.

4×400 రిలేలో బ్యాటన్ మార్చుకోవడం 4×100 కంటే తేలికని అనుకుంటాం. 4×100లో వెనక్కి చూడకుండా చెయ్యి చాపుతారు. ఇక్కడ వెనక్కి తిరిగి చూసి అందుకుంటారు. కానీ బ్యాటన్ ఇచ్చే అమ్మాయి అప్పటికే అలసిపోయి ఉంటుంది, చుట్టూ మిగతా టీమ్‌ల వాళ్ళు తోసుకుంటూ ఉంటారు. ఆ రోజు చివరి రన్నర్ కెండల్ ఎల్లిస్‌కి బ్యాటన్ సరిగ్గా అందలేదు. ఆమె చాలా వెనకబడింది. ఆఖరి మలుపు తిరిగాక కూడా ముందున్న అమ్మాయికీ ఆమెకీ మధ్య దూరం చూస్తే ఎవరూ ఆశ పెట్టుకోరు.

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదటిసారి, ఎల్లిస్ చివర్లో రాకెట్‌లా దూసుకెళ్ళింది అనుకున్నాను. పైన చెప్పిన సంగతి తెలిశాక మళ్ళీ చూస్తే అసలు విషయం కనిపించింది. ముందున్నవాళ్ళు కూలిపోతున్నారు, ఈమె తన పరుగుని కూలిపోనివ్వలేదు. 0.07 సెకన్ల తేడాతో గెలిచింది. యూఎస్‌సీ 53, జార్జియా 52. ఎల్లిస్‌కి 400 నేర్పిన కోచ్ వాట్సే.

అదే మీట్‌లో వాట్స్ శిష్యులు మైకెల్ నార్మన్ 400 మీటర్లను 43.61లో, రై బెంజమిన్ 400 మీటర్ల హర్డిల్స్‌ను 47.02లో గెలిచారు. వాళ్ళిద్దరూ ఉన్న పురుషుల రిలే టీమ్ 2:59.00లో ముగించింది. కాలేజీ టీమ్‌లలో అప్పటికి అది రికార్డు.

ఐదు వందల వంతులు

నార్మన్, బెంజమిన్ ఆ ఏడాదే ప్రొఫెషనల్స్ అయ్యారు. అయినా కోచ్‌ని మార్చలేదు. హర్డిల్స్ కోసం బెంజమిన్‌కి, 2004 ఒలింపిక్ హర్డిల్స్ ఛాంపియన్ జోవానా హేస్ కూడా తోడయ్యారు.

2019 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ దగ్గర టోరెన్స్‌లో నార్మన్ 400 మీటర్లు 43.45లో పరిగెత్తాడు. కోచ్ బెస్ట్ 43.50. తేడా సెకనులో ఐదు వందల వంతులు. 27 ఏళ్ళ కింద ఒలింపిక్ గోల్డ్ తెచ్చిన నంబర్‌ని, తను నేర్పిన కుర్రాడే దాటేశాడు.

ఇంకోటి కూడా ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా 4×400 టీమ్ గోల్డ్ గెలిచింది. రెండో రన్నర్ నార్మన్, చివరి రన్నర్ బెంజమిన్. బార్సిలోనాలో వాట్స్ పరిగెత్తింది కూడా రెండో స్థానంలోనే. ఆ రోజు వాట్స్ టీమ్ టైమ్ 2:55.74. శిష్యుల టీమ్ టైమ్ 2:55.70. తరువాత నార్మన్ 2022లో 400 మీటర్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బెంజమిన్ 2024 ప్యారిస్‌లో హర్డిల్స్ గోల్డ్ గెలిచాడు. వాట్స్ 2021లో టీమ్ డైరెక్టర్ అయ్యాడు. ఇప్పుడు ఆయన షాట్‌పుట్ వాళ్ళ గురించి, జంపర్ల గురించి కూడా ఆలోచించాలి. 2025లో యూఎస్‌సీ పురుషుల టీమ్ 41 పాయింట్లతో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌తో సమంగా నిలిచి, అవుట్‌డోర్ టైటిల్ పంచుకుంది. 1976 తరువాత వాళ్ళకి ఇదే మొదటిది.

ఇదంతా నాకెందుకు పట్టింది అంటే, పోయిన సెమిస్టర్‌లో ఒక జూనియర్‌కి సీలో పాయింటర్స్ చెప్పడానికి కూర్చున్నాను. ఆ సబ్జెక్టులో నాకు మంచి గ్రేడ్. అరగంటలో నా గ్రేడ్ ఎందుకూ పనికిరాలేదు. "ఇలా రాస్తే వచ్చేస్తుంది" అనడం తప్ప, ఎందుకు వస్తుందో నా నోటికి రాలేదు. చివరికి కీబోర్డ్ నా వైపు లాక్కుని నేనే కోడ్ రాసేశాను. తను థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఏమీ నేర్చుకోలేదని ఇద్దరికీ తెలుసు.

చేయడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. కోచ్ ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడాలి. శిష్యుడి బదులు తను పరిగెత్తలేడు. వాట్స్ అలా ఎన్నో ఏళ్ళు నిలబడితే గానీ ఆ 43.45 రాలేదు.

ఈ సెమిస్టర్‌లో ఆ జూనియర్‌తో మళ్ళీ కూర్చున్నాను. ఈసారి చేతులు కట్టుకుని, డబ్బాలూ బాణాలూ బొమ్మ గీసి చూపించి, మిగతాది తననే రాయమన్నాను. రెండు గంటలు పట్టింది. లింక్డ్ లిస్ట్ రివర్స్ చేసే ప్రోగ్రామ్ నాది 40 లైన్లు, తనది 26.

కొంచెం కుళ్ళుకున్నాను. తరువాత తన కోడ్ నా ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాను.