నవ్వకపోతే ఏమవుతుంది?

ఎదురుగా నిలబడి అనలేని మాటను కొందరు సెల్‌ఫోన్‌లో తేలికగా అనేస్తారు. ఎందుకని? ఎదుటివారి కళ్ళలో నీళ్ళు తిరగడం చూస్తే చాలామందికి నోట మాట ఆగిపోతుంది. ఫోనులో ఆ కళ్ళు కనిపించవు. పైగా పేరు దాచుకోవచ్చు. ఇలాంటి కారణాల వల్ల తెర చాటున మనిషికి అదుపు సడలుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సులర్ 2004లో వివరించారు.

మరి బాధపడేవారి సంగతి? బడి విడిచినా వారికి విడుదల లేదు. వేధింపు ఫోనుతోపాటే ఇంటికి వస్తుంది.

తిట్టినవాణ్ణి దండిస్తే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. ఫిన్లండ్ దేశపు శాస్త్రవేత్త క్రిస్టీనా సాల్మివల్లి మాత్రం చుట్టూ ఉన్నవారిని కూడా గమనించారు. తరగతిలో ఆరు రకాల వారు ఉంటారని 1996లో ఆమె బృందం తెలిపింది. ఏడిపించేవారు, బాధపడేవారు, ఏడిపించడంలో చేయి కలిపేవారు, నవ్వి ప్రోత్సహించేవారు, మనకెందుకులే అని తప్పుకొనేవారు, బాధితుని పక్షాన నిలిచేవారు. ఏడిపించేవాడు కోరేది తోటివారి మెప్పు. నవ్వేవారు లేకపోతే ఆ మెప్పు ఎక్కడ నుంచి వస్తుంది?

ఈ ఆలోచన మీదనే టుర్కు విశ్వవిద్యాలయంలో 'కివా' పథకం తయారైంది. ఫిన్నిష్ భాషలో కివా అంటే 'బాగుంది' అని అర్థం. ఈ పథకంలో పిల్లలకు పాఠాలు, చర్చలు, ఆటలు ఉంటాయి. వేధింపు జరిగినప్పుడు బడిలోని పెద్దల బృందం ముందుగా బాధితునితో మాట్లాడుతుంది. తరువాత ఏడిపించినవారిని ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడుతుంది. తరగతిలో పలుకుబడి ఉన్న కొందరు విద్యార్థులను పిలిచి, బాధితునికి తోడుగా ఉండమని ఉపాధ్యాయులు కోరతారు. కొన్నాళ్ళ తరువాత మళ్ళీ పిలిచి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో కనుక్కుంటారు.

2007-2009 మధ్య 234 బడులలో దీనిని పరీక్షించారు. సగం బడులలో పథకం అమలుచేసి, మిగిలిన సగంతో పోల్చి చూశారు. పథకం ఉన్నచోట వేధింపులు తగ్గాయి. ఫోనులో, ఇంటర్నెట్‌లో జరిగేవి కూడా తగ్గాయి. అయితే చిన్న తరగతులలో కనిపించినంత మేలు పెద్ద తరగతులలో కనిపించలేదు. కనుక ఇది సర్వరోగ నివారిణి కాదు.

మన దేశంలో ఆపదలో ఉన్న పిల్లలెవరైనా 1098కి ఫోను చేయవచ్చు. కాని సాయం అంతకంటే ముందే మీ గ్రూపులో మొదలు కావచ్చు. ఎగతాళి బొమ్మ వస్తే నవ్వవద్దు, ఇంకొకరికి పంపవద్దు. బాధపడేవారికి విడిగా "నేనున్నాను" అని రాయండి. వచ్చిన సందేశాన్ని చెరిపివేయకుండా నమ్మకమైన ఉపాధ్యాయునికి చూపించండి.

ఆ ఆరు రకాలలో నిన్నటి దాకా మీరు ఏ రకం? రేపటి నుంచి?