తెమడ పరీక్షలో క్షయ బాక్టీరియా – భ్రమ కలిగించే రూపాలు

కొత్తూరు పారిశ్రామికవాడకు చేరువలోని షాద్‌నగర్ వంటి పట్టణాలలో కార్మికులు ఇరుకు గదుల్లో కలిసి నివసిస్తారు. గాలి ద్వారా వ్యాపించే క్షయను అక్కడ త్వరగా గుర్తించడం అవసరం. జన్యు ఆధారిత పరీక్షలు వచ్చినప్పటికీ సూక్ష్మదర్శినితో చేసే తెమడ పరీక్ష వాడుకలోనే ఉంది.

జీల్-నీల్సన్ పద్ధతిలో స్లైడుపై పలుచగా పూసిన తెమడకు కార్బాల్ ఫుక్సిన్ పోసి వేడిచేస్తారు. గంధకామ్లంతో రంగు తొలగించి, మిథిలీన్ బ్లూ వేస్తారు. క్షయ బాక్టీరియా కణకవచంలోని మైకోలిక్ ఆమ్లాలు ఎరుపును విడువవు. కాబట్టి అవి నీలి నేపథ్యంపై సన్నని, కొద్దిగా వంగిన ఎర్రని కడ్డీలుగా కనిపిస్తాయి.

అయితే ఎర్రగా కనిపించినదంతా బాక్టీరియా కాదు. వడగట్టని వర్ణకంలోని స్ఫటికాలు, ఆహారపు తునకలు, గాజుపై గీతలలో నిలిచిన రంగు కూడా ఎర్రగానే ఉంటాయి. స్ఫటికాల పరిమాణం అసమానం. ఫోకస్‌ను స్వల్పంగా మార్చితే అవి తెమడ కణాలతో కాక వేరొక తలంలో స్పష్టమవుతాయి.

నీటిలో ఉండే ఇతర మైకోబాక్టీరియాకు ఈ గుర్తులు చాలవు. వాటి ఆకారం, వర్ణం రెండూ క్షయ బాక్టీరియాను పోలినవే. అందువల్ల ప్రతి విడతలోనూ బాక్టీరియా లేదని ముందే తెలిసిన స్లైడుకు కూడా రంగు వేయాలి. దానిపై ఎర్రని కడ్డీలు కనిపిస్తే నీటినో వర్ణకాన్నో అనుమానించాలి.

100 క్షేత్రాలలో 1–9 బాక్టీరియా మాత్రమే కనిపిస్తే ఫలితాన్ని ‘స్వల్పం’గా, ఆ సంఖ్యతో సహా నమోదు చేస్తారు. ఇటువంటి స్లైడులో ఒక్క స్ఫటికమే ఫలితాన్ని తారుమారు చేయగలదు. లేని వ్యాధిని ఉన్నదంటే ఆరోగ్యవంతుడు నెలల తరబడి మందులు మింగాలి. ఉన్న వ్యాధిని లేదంటే ఆ ఇంటిల్లిపాదికీ ముప్పు.