గండికోటలో ప్రాతఃకాలపు పరుగు

కడప సీమలో, పెన్నానది లోయ అంచున, పెమ్మసాని నాయకులు ఏలిన గండికోట శిథిలాలున్నాయి. జమ్మలమడుగు నుండి సుమారు 15 కిలోమీటర్లు. యాభై రెండేళ్ల వయసులో, ఒక వేసవి ఉదయం తొమ్మిది గంటలకు అక్కడ పరుగు ప్రారంభించి, ధాన్యాగారం చేరకముందే కళ్లు తిరిగి కూలబడ్డాను. తప్పు నాదే.

బలవంతులు సైతం శీతకాలంలోను, వసంతంలోను సగం శక్తితోనే వ్యాయామం చేయవలెననీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించవలెననీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. నుదుట, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చిందంటే సగం శక్తి వ్యయమైనట్లే. అక్కడ ఆగవలెను.

ఇప్పుడు మార్గశిర, పుష్య మాసాలలోనే వెళ్తున్నాను. తెల్లవారుతుండగా మోకాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించుకొని, కోట ద్వారం నుండి మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చుట్టి వస్తాను. రాళ్లు లేచిన చోట నడకే మేలు. హృద్రోగులు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సంప్రదించకుండా పరుగెత్తరాదు.

లోయ వద్దకు మాత్రం ఎవరూ పరుగున పోరాదు. ఎర్రని బండ అక్కడ నిట్టనిలువుగా తెగుతుంది. నేను అంచుకు దూరంగా కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక, ఇంటినుండి తెచ్చుకొన్న శొంఠి, ధనియాల కషాయం త్రాగుతాను.