చీపురు కట్టు చేతులే పుస్తకము పట్టును
బెరీయా కళాశాలలో విద్యార్థి జీవితము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కెంటకీ యను రాష్ట్రము కలదు. ఆ రాష్ట్రములో అపలాచియా కొండలు దిగి మైదానము మొదలగు చోట బెరీయా అను చిన్న పట్టణమున్నది. ఆ పట్టణములో ఒక కళాశాల, ఆ కళాశాలలో చీపుళ్లు కట్టు ఒక కార్ఖానా కలవు. అందు పనిచేయువారు కూలివారు కారు, పట్టము కొరకు చదువుచున్న విద్యార్థులు. ఉదయము చరిత్ర పాఠము విన్న యువకుడు మధ్యాహ్నము అక్కడ కూర్చుండి చీపురు కట్టును. ఆ చీపురునకు వాడు పుల్ల మన జొన్న జాతికి చెందిన ఒక పైరుయొక్క కంకి. కావున మన రైతు సోదరులకు ఆ వస్తువు బొత్తిగా పరాయిది కాదు. 1920వ సంవత్సరము నుండి అక్కడ ఈ పని సాగుచున్నది.

ఇటువంటి కళాశాలను అమెరికావారు లిబరల్ ఆర్ట్స్ కళాశాల యందురు. ఈ మాట విని మనవారు పొరబడుట కద్దు. మన వాడుకలో ఆర్ట్సు అనగా సైన్సు కానిది. ఇంటర్మీడియెటులో మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడు చేరు గ్రూపు అని కూడ కొందరు తలంతురు. ఆ భావము సరికాదు. అమెరికా లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో గణితము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము కూడ బోధింతురు. తేడా ఎక్కడనగా, పదునెనిమిదేండ్ల పిల్లవానిని చేరిన దినముననే నీవు ఏమి కాదలచితివని అడిగి ఒక గదిలో పెట్టి తలుపు వేయరు. పట్టమునకు నాలుగేండ్లు. మొదటి రెండేండ్లలో విద్యార్థి వ్రాత నేర్చుకొనును, గణితము చూచును, ఒక విజ్ఞానశాస్త్రము, చరిత్ర, సంగీతమో చిత్రకళయో కొంత రుచి చూచును. తన ప్రధాన విషయమేదో ఆ తరువాత తేల్చుకొనును. చాల తరగతులలో ఇరువదిమందికి లోపుగనే యుందురు. కావున వెనుక బల్లపై కూర్చుండి మౌనముగా నాలుగేండ్లు గడుపుట సాధ్యము కాదు. గురువు అడుగును, శిష్యుడు చెప్పవలెను. ఒప్పుకొననిచో ఎందుకు ఒప్పుకొనడో అదియు చెప్పవలెను.

ఈ పేరునకు వెనుక ఒక కథ కలదు. పూర్వము రోము సామ్రాజ్యములో బానిసలు కాని స్వతంత్రులు నేర్వదగిన విద్యలకు ఈ పేరు పెట్టిరి. తరువాతి కాలమున వ్యాకరణము, తర్కము, వక్తృత్వము, అంకగణితము, క్షేత్రగణితము, ఖగోళము, సంగీతము అని అవి ఏడుగా స్థిరపడినవి. చేతిపని బానిసలది, బుద్ధిపని స్వతంత్రులది యని ఆనాటి విభజన. మన దేశములోను ఇట్టి విభజన లేకపోలేదు, దానిని గూర్చి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పాత గీతను బెరీయా కళాశాల రెండు వైపుల నుండి చెరిపివేయ జూచినది. బానిసత్వము నుండి విడివడినవారికి స్వతంత్రుల విద్య నేర్పినది. ఆ విద్య నేర్చువారందరిచేతను చేతిపని చేయించినది.

దానిని స్థాపించినవారు జాన్ గ్రెగ్ ఫీ అను క్రైస్తవ ప్రచారకులు. బానిసత్వమును ఖండించినందున వారు పలుమారు దౌర్జన్యమునకు గురియైరి. 1855లో వారు బెరీయాలో చిన్న బడి ప్రారంభించిరి. నాలుగేండ్లకు, 1859లో, బానిస యజమానుల పక్షమువారు ఆయుధములతో వచ్చి ఫీగారిని, తోటి ఉపాధ్యాయులను రాష్ట్రము విడిచి పొమ్మని తరిమివేసిరి. అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట వారు తిరిగి వచ్చి 1866లో బడి తెరచిరి. ఆ సంవత్సరము చేరిన 187 మందిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. బాలురును, బాలికలును ఒకే తరగతిలో కూర్చుండిరి. భూమిమీద జనులందరు ఒకే రక్తమునకు చెందినవారను భావమును కళాశాల తన సూత్రముగా స్వీకరించినది.

సూత్రము వ్రాసికొనుట తేలిక, నిలుపుకొనుట కష్టము. 1904లో కెంటకీ శాసనసభ నల్లవారును తెల్లవారును కలిసి చదువరాదని చట్టము చేసెను. ఆ రాష్ట్రములో వారు కలిసి చదువుచున్న కళాశాల బెరీయా ఒక్కటే కావున ఆ చట్టము ఎవరిపై గురిపెట్టినదో స్పష్టమే. కళాశాలకు వేయి డాలర్ల జరిమానా పడినది. వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. 1908లో తీర్పు కళాశాలకు వ్యతిరేకముగా వచ్చినది. కెంటకీలోనే పుట్టిన న్యాయమూర్తి జాన్ మార్షల్ హార్లన్ గారు ఆ తీర్పునకు సమ్మతింపక భిన్నాభిప్రాయము వ్రాసిరి. కళాశాలవారు విరాళములు పోగుచేసి నల్ల విద్యార్థులకై లూయీవిల్ నగరమునకు సమీపమున లింకన్ ఇన్‌స్టిట్యూట్ అను వేరొక విద్యాలయమును నెలకొల్పవలసి వచ్చెను. 1950లో చట్టము సవరింపబడిన పిమ్మటనే బెరీయా తలుపులు అందరికి మరల తెరచుకొన్నవి. ఆ నడుమ గడచిన నలువదియారేండ్లలో ఎందరి చదువు దారి తప్పినదో ఊహించుకొనవలసినదే.

ఇక విద్యార్థుల జీవితమునకు వత్తము. ఫీగారు స్థాపించిన ఈ కళాశాలలో ఫీజు లేదు. ఇది చమత్కారమునకు అన్నమాట కాదు. 1892 నుండి అక్కడ బోధనకు రుసుము తీసికొనుట లేదు. అమెరికాలో పేరుగల ఇతర లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు అనేకము నేడు బోధనకే ఏటికి యాభైవేల డాలర్లకు మించి అడుగుచున్నవి. ఆ లెక్క తెలిసినవారికి ఈ సంగతి విలువ తెలియును. దాతలిచ్చిన మూలధనముపై వచ్చు రాబడి, ఏటేట వచ్చు విరాళములు, ప్రభుత్వ సహాయము కలిసి ఈ భారమును మోయుచున్నవి. వసతికి, భోజనమునకు మాత్రము కుటుంబ స్తోమతును బట్టి కొంత చెల్లింపవలసియుండును. కలిమిగలవారి పిల్లలకు అక్కడ చోటు దొరకుట కష్టము. తెలివి యుండి ధనము లేనివారికే ఆ చోటు ఉద్దేశింపబడినది. విద్యార్థులు సుమారు పదునైదువందల మంది, వారిలో ఎక్కువమంది అపలాచియా కొండ ప్రాంతముల వారు. బొగ్గు గనులు మూతపడి పనులు లేక పోయిన ఊళ్లు ఆ కొండలలో అనేకము కలవు.

ప్రవేశము కోరు విద్యార్థి మార్కుల పట్టికతో పాటు తన్ను గూర్చి తాను వ్రాసి పంపవలెను. అమెరికా కళాశాలలలో ఇది వాడుక. నీకు దేనిపై ఆసక్తి, నీ జీవితములో నిన్ను మార్చిన సంఘటన ఏది, నీవు ఏ అభిప్రాయమునైన మార్చుకొంటివా, ఎందుకు మార్చుకొంటివి అని ప్రశ్నలుండును. మన పిల్లలకు ఇది మొదట వింతగా తోచును. పరీక్షలో ఆవును గూర్చి వ్యాసము వ్రాయుటకు మనవారు సిద్ధపడియుందురు గాని తమ్ము గూర్చి రెండు పుటలు వ్రాయుమన్న కలము కదలదు. వారికి చెప్పుటకేమియు లేక కాదు, ఎవరును అంతకుముందు అడుగకపోవుటచే. మేకలు కాచిన పిల్లవానికి మేకల రోగములు తెలియును. అమ్మమ్మ వద్ద పెరిగిన పిల్లకు మందు మొక్కలు తెలియును. అట్టివి వ్రాయదగిన సంగతులని చెప్పువారు కావలెను.

కొండ పల్లెనుండి వచ్చిన ఒక బాలికను మనము ఊహించుకొందము. ఆమె తొలి సంవత్సరములో చేరినది. ఏ పని చేయుదువని అప్పుడే ఆమెను అడుగరు. మొదటి ఏడు పనిని ఎక్కువగా కళాశాలయే నిర్ణయించును. భోజనశాలలో పళ్లెములు కడుగుట కావచ్చును, భవనములు ఊడ్చుట కావచ్చును. ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము పది గంటలు పనిచేయవలెను. దీనికి మినహాయింపు లేదు. పనికి గంటల లెక్కన కొంత సొమ్ము ముట్టును, అది పై ఖర్చులకు పనికివచ్చును. పై తరగతులకు పోయినకొలది ఆమె తన యిష్టమైన పనికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మగ్గముపై దుప్పట్లు నేయుట, కొయ్యపని, గ్రంథాలయము, కంప్యూటర్ల మరమ్మతు, తోటివారికి పాఠము చెప్పుట ఇట్లు శతాధిక శాఖలు కలవు. 1909లో కట్టిన బూన్ టావెర్న్ అను హోటలులో నేటికిని విద్యార్థులు పనిచేయుచున్నారు. ఆనాటి కళాశాలాధ్యక్షుని ఇంటికి వచ్చు అతిథుల తాకిడి భరింపరానిదైనందున దానిని కట్టిరట!

మన పాఠకులకు ఎక్కువ ఆసక్తి కలిగించునది అక్కడి వ్యవసాయ క్షేత్రము. 1871 నుండి అది విద్యార్థులచే సాగుచున్నది. దాదాపు ఐదువందల ఎకరముల ఆ భూమిలో పశువులను, పందులను, మేకలను, కోళ్లను పెంచుదురు, కూరగాయలు పండింతురు. పంటను కళాశాల భోజనశాలకు పంపుదురు, తమ సొంత అంగడిలో అమ్ముదురు. వ్యవసాయము ప్రధాన విషయముగా తీసికొన్నవాడు మాత్రమే అచ్చట పనిచేయునని తలపరాదు. సంగీతము చదువు విద్యార్థి పశువుల కొట్టము శుభ్రము చేయుచు కనబడును. కళాశాలకు తొమ్మిదివేల ఎకరములకు పైబడిన అడవియు కలదు. అందు దుంగలను గుఱ్ఱములచే లాగింతురు. యంత్రముల చక్రముల క్రింద నేల బిగుసుకొనక యుండుటకు ఇది మేలు.

పనిని కూడ చదువువలెనే లెక్కింతురు. పై అధికారి విద్యార్థి పనిని పరిశీలించి నివేదిక వ్రాయును. పట్టము పుచ్చుకొనునాటికి విద్యార్థి చేతిలో రెండు పత్రములుండును. ఒకటి చదువులో మార్కుల పత్రము, రెండవది శ్రమ పత్రము. పనిలో తప్పినవాడు పరీక్షలలో మొదటివాడైనను ప్రయోజనము లేదు.

మన తాతల కాలములో పేద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొన్నారు. సోమవారము ఒకరి ఇంట, మంగళవారము వేరొకరి ఇంట భోజనము. అన్నము పెట్టిన తల్లుల ఔదార్యము మరువరానిది. అయినను పెట్టినచోట తలవంచుకొని కూర్చున్న పిల్లవాని మనస్సు ఎట్లుండెడిదో అనుభవించినవారికే తెలియును. బెరీయా పద్ధతిలో ఆ తలవంపు లేదు. అందరును పనిచేయుదురు కావున పనిచేయువాడు పేదవాడను గుర్తు ఎవరిపైనను పడదు. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన మౌలిక విద్యయు చేతిపని ద్వారా చదువు చెప్పుటకే కదా! అది మన బడులలో వేళ్లూనకపోయినది. వేళ్లూనకపోవుటకు ఒక కారణము, పేదల పిల్లలే నూలు వడుకవలెనా యను అనుమానము తల్లిదండ్రులకు కలుగుట. ఆ అనుమానము అకారణమైనదని ఈ రచయిత అనజాలడు.

అలసట లేదనుకొనరాదు. చదువు, పది గంటల పని, ఇంటిమీద బెంగ కలిసినప్పుడు నిద్ర తక్కువగును. పసిబిడ్డలతో వచ్చి చదువుకొను తల్లులును అక్కడ కలరు. వారికి వేరుగా ఇండ్లు, బిడ్డలను చూచు శాల ఏర్పరచిరి. విశ్రాంతికి కొండ పాటలు, జానపద నృత్యములు. అపలాచియా ప్రాంతపు నృత్యములను 1930వ దశకము నుండి విద్యార్థి బృందములు కాపాడుచున్నవి. అక్టోబరులో ఒక దినము పాఠములన్నియు మానివేసి అందరు సమీపమున నున్న కొండ శిఖరముల కెక్కుదురు. ఆ సమయమున ఆకులు ఎఱ్ఱబారి పసుపుబారి కొండలన్నియు రంగులు పూసినట్లుండును.

ఈ చదువు ఎచటికి చేర్చునను ప్రశ్న సహజము. ఇద్దరిని చూపిన చాలును. కార్టర్ వుడ్సన్ గారి తల్లిదండ్రులు బానిసలు. వారు బొగ్గు గనిలో పనిచేసి, ఇరువదియేండ్ల వయస్సున ఉన్నత పాఠశాలలో చేరి, 1903లో బెరీయా పట్టము పొందిరి. 1912లో హార్వర్డులో డాక్టరేటు గైకొనిరి. 1926లో వారు ప్రారంభించిన నల్లవారి చరిత్ర వారోత్సవమే నేడు అమెరికాలో ఒక నెల పొడవున జరుగు ఉత్సవమైనది. వారు పట్టము పొందిన మరుసటి యేటనే ఆ చట్టము వచ్చినదని చదువరులు గమనింపగలరు. రెండవవారు జాన్ ఫెన్ గారు. ఆర్థిక మాంద్యమునకు కొంచెము ముందు వారి కుటుంబము బెరీయాకు వచ్చి స్థిరపడినది. 1937లో అక్కడ పట్టము పొంది, తరువాత యేల్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేసిరి. మాంసకృత్తుల వంటి పెద్ద అణువుల బరువు తూచుటకు వారు కనుగొన్న విధానమునకు 2002లో రసాయనశాస్త్రములో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ పరిశోధనలోని ముఖ్య భాగము డెబ్బదియవ యేటి ప్రాంతమున చేసినది. కళాశాలలో గణితము చాలినంత చదువకపోతినని వారు తరువాత విచారించిరి. అన్నియు రుచి చూచు చదువులో ఏదో ఒకటి తక్కువపడు ప్రమాదము ఎప్పుడును కలదు.

తెలుగు జిల్లాల నుండి ఏటేట వేలాది యువకులు అమెరికాకు పోవుచున్నారు. వారిలో అధికులు ఇక్కడ పట్టము పొంది అక్కడ పై చదువునకు పోవువారు, అందుకై తండ్రులు పొలము తాకట్టు పెట్టుటయు కలదు. ఇంటర్మీడియెటు కాగానే బెరీయా వంటి చోటికి ప్రయత్నించువారు అరుదు. విదేశీ విద్యార్థులకును అక్కడ ప్రవేశము కలదు గాని ఏటికి తీసికొనునది కొలదిమందినే, పోటీ అధికము. ఆంగ్ల భాషా పరీక్షలో నెగ్గవలెను, కుటుంబ ఆదాయమునకు నిదర్శనములు చూపవలెను, తన్ను గూర్చి తాను వ్రాయవలెను. ఈ పని అంతయు విద్యార్థి నేరుగా కళాశాల ప్రవేశ కార్యాలయముతో జరుపుకొనవచ్చును. నడుమ ఏజెంటుతో పనిలేదు, వానికి రూకలు చెల్లింపనక్కరలేదు. ప్రయత్నింపదలచిన వారు ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము మొదలు కాకముందే వ్రాత ఆరంభించుట మంచిది, ఆ రెండు పుటలకే ఎక్కువ కాలము పట్టును.